పెళ్ళికొడుకు దాచిన ఊరు

చాందా వెళ్ళి రమ్మని నన్ను పంపింది మా తమ్ముడు. అక్కడ ఏం చూసి రావాలో చెప్పింది మాత్రం వాడి కూతురు.

మా మేనకోడలు ప్రసన్న విజయవాడలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతుంది. ఈమధ్య సందుకొకటి చొప్పున అలాంటివి తెరిచారు. వరంగల్‌లో చదువుకునేటప్పుడు దానికి వెంకటేశ్ అనే కుర్రాడితో స్నేహమైంది. అతనిప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. ఆ చంద్రపూర్‌నే జనం చాందా అంటారు. పెళ్ళి చేసుకుంటామన్నారు. కులం మాట మా ఇంట్లో ఆరునెలలు నడిచి, అలిసిపోయి, ఓ మూల కూర్చుంది. మా తమ్ముడికి మోకాళ్ళ నొప్పులు. "అక్కా, నువ్వు హిందీ పంతులమ్మవి. ఊళ్ళు తిరగడమంటే నీకు సరదా. ఓసారి వెళ్ళి మనుషులెలాంటివాళ్ళో చూసి రా" అన్నాడు. ఇలాంటి పనులకి నన్ను రెండోసారి అడగక్కర్లేదు.

ఆగస్టు చివర, శనివారం పొద్దున తొమ్మిదింటికి విజయవాడలో ఢిల్లీ వైపు వెళ్ళే బండి ఎక్కాను. ప్రసన్న కిటికీ దగ్గర నిలబడి అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"అత్తా, నువ్వు ఇల్లూ వాకిలీ చూడక్కర్లేదు. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను, తన ఊరి పేరు చెప్పడు. ఆదిలాబాద్ వైపు అంటాడు, మాట మార్చేస్తాడు. అమ్మానాన్నల ఫొటో ఒక్కటి చూపించలేదు. కన్నవాళ్ళనే దాచేవాడు రేపు నన్నెక్కడ దాస్తాడో కనుక్కుని రా. అది తేలకపోతే నేను చేసుకోను."

బండి కదిలింది. అది ఊరికే బెదిరించే పిల్ల కాదు. ఆ విషయంలో దానికి నా పోలికే వచ్చింది.

ఈ దారి గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఖమ్మం దాకా మనకు తెలిసిన పొలాలే. కాజీపేట దాటాక మాటల్లో యాస మారుతుంది, రామగుండం వచ్చేసరికి నేలే మారిపోతుంది. బొగ్గు గుట్టలు, పొగగొట్టాలు, వాటి పక్కనే తడిసి మిలమిల్లాడే చెరువులు. మంచిర్యాల తర్వాత అడవి కిటికీకి ఆనుకుని వస్తుంది. వానాకాలం కావడంతో టేకు చెట్లు తెల్లని పూతతో ఉన్నాయి. నా పెట్టెలో పులిహోర ఉంది. ఎదురు సీట్లో సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తా ఒకాయన, ఏలూరు మనిషి, కాస్త పెట్టించుకుని తిన్నాడు.

"చాందాకి పనిమీదా అండీ? చూడ్డానికైతే ఏముందక్కడ, ఎండా దుమ్మూ తప్ప" అన్నాడు.

"మీరెన్నేళ్ళుగా ఉన్నారు?"

"పదకొండేళ్ళండీ."

"ఏమీ లేనిచోట పదకొండేళ్ళు ఎలా ఉన్నారు?" అంటే నవ్వి, ఇంకాస్త పులిహోర పెట్టించుకున్నాడు. బతుకుతెరువు ఇచ్చిన ఊరిని నాలుగు మాటలనడం మనవాళ్ళకి మజ్జిగ తాగినంత అలవాటు.

బల్లార్షాలో బండి దిగేసరికి ఐదున్నర. వెంకటేశ్ ఫ్లాట్‌ఫారమ్ మీదే ఉన్నాడు. పొడగరి, నల్లని మొహం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. "నమస్కారం మేడమ్ గారూ! ప్రయాణం సౌకర్యంగా జరిగిందాండీ? దయచేసి సంచి ఇటివ్వండి" అన్నాడు. మర్యాదకి వంక పెట్టలేం. కానీ ఎవరో రాసిచ్చింది అప్పజెబుతున్నట్టు ఉంది. క్లాసులో పాఠం కంఠతా పట్టిన పిల్లాణ్ణి ముప్ఫై ఏళ్ళు చూసినదాన్ని, నాకు తెలియదూ?

జీపులో విసాపూర్ మీదుగా బయల్దేరాం. దూరంగా విద్యుత్ కేంద్రం గొట్టాలు, లావుపాటి కూలింగ్ టవర్లు కనిపించాయి. వాటి నుంచి లేచే తెల్లని ఆవిరి వానమబ్బుల్లో కలిసిపోతోంది. ఊళ్ళోకి వెళ్ళాలంటే కోట ద్వారం కిందనుంచే దారి. గోండు రాజులు కట్టిన గోడ ఊరిచుట్టూ ఇంకా నిలిచే ఉంది. ఆ ద్వారంలోంచే లారీలూ, స్కూటర్లూ, మేకలూ. ద్వారం పక్కన పాన్ డబ్బా, దానిమీద కొత్త విదేశీ కూల్‌డ్రింకు బోర్డు. నాకు ఊరు ఎంత నచ్చిందంటే జీపు ఆపించి కాసేపు దిగి చూశాను. "ఇందులో ఏముంది మేడమ్ గారూ, పాత గోడ" అన్నాడు వెంకటేశ్, తన తప్పేదో నేను పట్టుకున్నట్టు.

నా బస ఊర్జానగర్‌లో. విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కాలనీ అది. నా దగ్గర చదువుకున్న రాజ్యలక్ష్మి భర్త అక్కడే పని చేస్తాడు. వరసగా క్వార్టర్లు, గుల్మొహర్ చెట్లు, మేడల మీద డిష్ యాంటెనాలు. రాత్రి అన్నంలోకి గోంగూర పచ్చడి, మాగాయి. మహారాష్ట్రలో ఉన్నామన్న సంగతి ఆ ఇంటి వంటగదికి ఇంకా తెలిసినట్టు లేదు.

"వెంకట్ బంగారం లాంటి కుర్రాడు టీచర్ గారూ. హైదరాబాద్ అబ్బాయి" అంది రాజ్యలక్ష్మి వడ్డిస్తూ.

విజయవాడలో ఆదిలాబాదు, ఇక్కడ హైదరాబాదు. నేను పెరుగు వేసుకున్నాను.

ఆదివారం పదింటికి అబ్బాయి తల్లిదండ్రులు రాజ్యలక్ష్మి ఇంటికే వచ్చి మాట్లాడాలని ఏర్పాటు. పది దాటింది. పదకొండింటికి వెంకటేశ్ ఒక్కడే వచ్చాడు. "క్షమించండి మేడమ్ గారూ. నాన్నగారికి జ్వరం. ప్రయాణం చేయలేరు" అన్నాడు, కళ్ళు నేలమీద పెట్టి.

"అయ్యో. అయితే మనమే వెళ్ళి చూద్దాం పద" అన్నాను.

అతను చాలా కారణాలు చెప్పాడు. రోడ్డు బాగుండదట. వానట. మరుగుదొడ్డి లేదట. నేను సంచి సర్దుకుని చెప్పులేసుకున్నాను. "అబ్బాయ్, నేను పుట్టింది రాజభవనంలో కాదు" అన్నాక ఇక దారిలేక లేచాడు. రాజ్యలక్ష్మికి అక్కడే వీడ్కోలు చెప్పేశాను, మళ్ళీ వెనక్కి రాకుండా అటునుంచే బల్లార్షా వెళ్ళొచ్చని.

వెళ్ళదలచినవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. చంద్రపూర్ నుంచి రాజురాకి ఎర్ర బస్సులు తరచు ఉంటాయి, టిక్కెట్టు పెద్ద ఖర్చు కాదు. వార్ధా నది వంతెన దగ్గర కిటికీ పక్కన కూర్చోండి. ఆ రోజు నది నిండుగా, ఎర్రగా పారుతోంది. రాజురాలో దిగి గడ్‌చాందూర్ బస్సు పట్టుకోవాలి. ఒంటిగంటన్నరకి దొరికింది. రెండు పక్కలా నల్లరేగడి, మోకాలెత్తు పత్తి, మధ్యలో కంది సాళ్ళు. గడ్‌చాందూర్ దగ్గరపడే కొద్దీ సిమెంటు ఫ్యాక్టరీలు. మామూలు రోజుల్లో చెట్ల ఆకులన్నీ బూడిద రంగులో ఉంటాయట, వాన కడిగేయడంతో నాకు మాత్రం పచ్చగానే కనబడ్డాయి.

ఆ బస్సు కండక్టరు టిక్కెట్లు కొడుతూ మా దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఏ యెంకటి! మస్తు దినాలైందిరా. పోలాకు ఊరికొస్తున్నవా ఏంది?"

వెంకటేశ్ మెల్లగా తలూపాడు. నేను ఊరుకోలేక, "వీళ్ళ నాన్నగారికి జ్వరమని చూడ్డానికి వెళ్తున్నాం" అన్నాను.

"పోశన్నకా? జ్వరమా? ఎవ్వలు చెప్పిన్రమ్మా? పొద్దుగాల ఒక్క ట్రిప్పు ఆళ్ళ ఊరికి పోతది, గాడనే నాతోని కొట్లాడిండు. ఎడ్లకు ఎర్ర ముకుతాళ్ళు తెమ్మన్నడు, దుకాణంల పచ్చయే ఉంటె పచ్చయి తెచ్చిన. బస్సు ముంగట నిలబడి పోనియ్యడు! గంత జోరున్నోనికి జ్వరమేంది?"

నా పక్కన కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. పాపం అనిపించి కాసేపు కిటికీలోంచి చూశాను. తర్వాత, "మంచిదేగా, జ్వరం తగ్గిపోయిందన్నమాట" అన్నాను. అప్పుడు చెప్పాడు, సగం నాతో, సగం ముందు సీటుతో.

రేపు పోలా, ఎడ్ల పండగ. దానికి ముందురోజు సాయంత్రం ప్రతి రైతూ తన ఎడ్ల మెడలు నేతితో, పసుపుతో మర్దనా చేసి, రేపు మా ఇంటికి భోజనానికి రండని చెవిలో పిలవాలి. ఆ రోజు రైతు ఊరు దాటడు. పెళ్ళిమాటలకి సరిగ్గా ఆ ఆదివారమే రమ్మని ఇతను కబురు పెట్టాడు. పండగ సంగతే మర్చిపోయాడు. రైతుబిడ్డ అయ్యుండి ఎడ్లకి పిలుపు చెప్పే రోజున తండ్రిని ఊరు కదలమన్నాడన్నమాట! తండ్రి రానన్నాడు.

"ఎడ్ల కోసం రానన్నారని మీకు ఎలా చెప్పనండీ?" అన్నాడు.

మా వైపు ఇదే అమావాస్యని పొలాల అమావాస్య అంటాం. మా అమ్మ కంద మొక్కకి పసుపుకొమ్ము కట్టి పిల్లల కోసం పూజ చేసేది. ఒకే రోజున అక్కడ కంద మొక్క, ఇక్కడ ఎద్దు! ఆ మాటే అన్నాను. అతని మొహంలో మొదటిసారి కాస్త గాలి ఆడింది.

గడ్‌చాందూర్ నుంచి నల్లపసుపు రంగు అద్దె జీపు. అందులో మాతో పాటు పద్నాలుగు మంది, రెండు గంగాళాలు, ఒక కుట్టుమిషను. నాలుగింటికి ఎర్రగూడలో దిగాం. అదే అతను దాచిన ఊరు.

మీరేం ఊహించుకున్నారో తెలియదు కానీ, నేను చూసింది చెబుతాను. ఎర్రమన్ను అలికిన గోడలు, వాటిమీద సున్నంతో గీసిన ఎడ్లు. ఊరి మధ్యనుంచి వాగు. వీధుల్లో సగం మరాఠీ, సగం తెలుగు, చివర గోండు వాడ. బడి మీద మరాఠీ అక్షరాలు. దాని గోడకు చేరబడి ఇద్దరు ముసలివాళ్ళు పొగాకు నలుపుకుంటూ అచ్చతెలుగులో తగవులాడుకుంటున్నారు. ఇంత అందమైన ఊరిని పట్టుకుని పేరు చెప్పడానికి సిగ్గుపడతాడా అని నాకు ఒళ్ళు మండింది.

మోచేతుల దాకా పసుపుతో ఒక మనిషి ఎదురొచ్చాడు. పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. ఆయనే పోశన్న.

"రా అక్కా, రా! మా ఊరు సూసినవా? సడక్ వచ్చింది. కరెంట్ వచ్చింది. కరెంట్ అంటె ఏమనుకున్నవ్? బొంబాయికి గూడ మా చాందా నుంచే పోతది. నా కొడుకు ఈడ బటన్ ఒత్తితెనే ఆడ లైట్లు ఎలుగుతయి!"

"నాయినా, బటన్ కాదు..." అని గొణిగాడు కొడుకు.

"గదే, ఏదో ఒకటి ఒత్తుతవు గదా!"

ఆయన పావుగంటలో నాకు ఊరంతా చూపించాడు. తన బావి లాంటి బావి జిల్లాలో లేదు. తన నేలలో పండిన పత్తి దేశంలో లేదు. మీరు ఏ రాష్ట్రం వాళ్ళనుకోవాలండీ అని అడిగాను, ఉడికిద్దామనే.

"నేను పుట్టినప్పుడు నిజాం సర్కారు. బడికి పోయేటాల్లకు హైద్రాబాద్ అన్నరు. మీసాలొచ్చేటాల్లకు బొంబాయి అన్నరు. గిప్పుడు మహారాష్ట్ర. నేనైతె గీ అరుగు దిగలేదక్కా. సర్కార్లే మా ఊరు సూడనీకె వచ్చిపోయినయి."

పొద్దు వాలుతుండగా కొట్టంలో పిలుపు మొదలైంది. రెండు జతల ఎడ్లు. పోశన్న ఒక్కో ఎద్దు మెడమీద, కాడి ఒరుసుకుని కాయకట్టిన చోట, నేతిలో కలిపిన పసుపు రాశాడు. ఊరిని అదరగొట్టే ఆ మనిషి గొంతు ఎంత మెత్తగా మారిందో మీరు వినాలి. ఎద్దు చెవి దగ్గర వంగి, "ఇయ్యాల ఆవతనం అందుకోండ్రి, రేపు మా ఇంటికి బువ్వకు రాండ్రి" అన్నాడు. ఆవతనం అంటే విందుకి పిలుపట, మరాఠీ మాట. ఏడాదంతా తమ కోసం మోసిన జీవాన్ని చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, ఆ సంగతి దాచుకోను.

పోశన్న ఇత్తడి గిన్నె కొడుకు చేతిలో పెట్టాడు. "రెండో జత నీది."

వెంకటేశ్ నన్ను చూశాడు, ప్యాంటు చూసుకున్నాడు, వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. నెయ్యి రాశాడు. ఎద్దు చెవిలో ఏదో అన్నాడు కానీ పెదాలు కదిలినట్టు కూడా లేదు.

"గట్ల గొణిగితె ఎద్దుకేం సమజైతది? బువ్వకు పిలుస్తున్నవా, బదులడుగుతున్నవా?" అన్నాడు తండ్రి.

ఇంకోసారి అన్నాడు. అంతకంటే పెద్దగా మాత్రం కాదు.

పొయ్యి దగ్గర అతని తల్లి లచ్చుబాయి జొన్నరొట్టెలు చేస్తోంది. నేను పక్కన పీట వేసుకున్నాను. వంకాయ కూర, పచ్చిమిర్చి నూరిన కారం, వేడి రొట్టె. నాలుగు తిన్నాను. ఆవిడ నన్ను మొదటి మాటతోనే వదినెను చేసేసుకుంది.

"వదినె, మీ పిల్ల సల్లగుండాలె. ఒక్క మాట అడుగుత. మా యెంకటికి కోటర్ ఇచ్చి రెండేండ్లాయె. గీ పెండ్లి మాటకు తప్ప ఒక్కపాలన్న మమ్ముల రమ్మనలే. పోలేలు చేసి పంపిస్త అంటె వద్దంటడు. మేమంటె సిగ్గుపడుతుండు. మేమేం తప్పు జేసినం వదినె?"

రొట్టె తిరగేస్తూనే అడిగింది. నాకు గుండె చివుక్కుమంది. పొయ్యిలోంచి జారిన కట్టెని లోపలికి తోశాను. ప్రసన్నకి ఏం చెప్పాలో ఆ పూటకి తేలిపోయిందనుకున్నాను. ఈ సంబంధం వద్దే తల్లీ అని.

సోమవారం పోలా. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ మోదుగ కొమ్మలు నిలబెట్టారు. మగవాళ్ళందరూ ఎడ్లని వాగుకి తోలుకెళ్ళి కడిగారు. కొమ్ములకి రంగు, రంగుకాగితాలు, మెడలో గవ్వల పట్టీలు, వీపు మీద అద్దాలు కుట్టిన రంగుగుడ్డ. ఆ రోజు వాటి మెడమీద కాడి పెట్టరు, నోటితో కూడా అదిలించరు. ఇళ్ళలో పోలేలు, అంటే మన బొబ్బట్లే, కాస్త మందంగా, నెయ్యి కారుతూ. మొదటివి ఎడ్లకి, తర్వాతే మనుషులకి. ఆకలేసినా నాకు కోపం రాలేదంటే ఆ పద్ధతి ఎంత నచ్చిందో చూడండి.

నాలుగు దాటాక ఊరి మొదట్లో మామిడాకుల తోరణం కింద ఎడ్లన్నీ బారుగా నిలబడ్డాయి. మరాఠీ ఇళ్ళవీ, తెలుగు ఇళ్ళవీ, గోండు ఇళ్ళవీ. ఎవరి ఎడ్ల దగ్గర వాళ్ళే నిలబడాలి, బదులు మనిషి పనికిరాడు. కొడుకు రాని ఏళ్ళలో పోశన్న ఒక్కడే రెండు జతల తాళ్ళూ పట్టుకుని నిలబడేవాడట, అదీ గొప్పగానే చెప్పుకున్నాడు. ఈసారి మాత్రం ఒక జత తాళ్ళు కొడుకు చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. మెరిసే బూట్లతో, తెల్లచొక్కాతో వెంకటేశ్ అక్కడ నిలబడ్డాడు.

డోళ్ళు మొదలయ్యాయి. ఒక వరస నుంచి ఒకడు మరాఠీలో ఎడ్ల మీద పద్యం లాంటిది ఎత్తుకుంటాడు, అందరూ "హర హర మహాదేవ్" అంటారు. ఎదుటి వరస దానికి జవాబు కట్టాలి. డోలు ఒకటి మరీ దగ్గరకొచ్చి మోగేసరికి వెంకటేశ్ చేతిలోని కుడి ఎద్దు అదిరి ఒక్క గుంజు గుంజింది. బురదలో అతను బోర్లా పడ్డాడు. తాడు మాత్రం వదల్లేదు. నాలుగు బారలు ఈడ్చుకుపోయింది.

"థాంబ్ రా మల్లిగా! ఆగురా! ఏడికురుకుతున్నవ్ రా! నిన్న గంత ప్రేమతోని ఆవతనమిస్తి, గింతమందిల నా ఇజ్జత్ తీస్తివి గదరా!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. బల్లార్షాలో దిగినప్పటినుంచి ఆ కుర్రాడి నోట నేను విన్న మొదటి సొంత మాట అది. లేచి మొహం మీది బురద తుడుచుకుని తనూ నవ్వాడు. ఎద్దు గంగడోలు నిమిరాడు. ఎదుటి వరసవాడు వెక్కిరిస్తూ ఒక చరణం విసిరితే, వెంకటేశ్ అక్కడికక్కడే, గొంతెత్తి, జవాబు కట్టాడు. నా హిందీకి అందినంతలో, నన్ను నేలకేసి కొట్టిన ఎద్దు నీ పొలంలో పడితే నీ గతేమిటని. డోళ్ళు అదిరిపోయాయి. పోశన్న చెయ్యి మీసాన్ని వదల్లేదు. ప్రసన్న చూసి మనసుపడ్డ మనిషి ఇతనే అయ్యుండాలి. ఇతన్ని మూడు రోజులుగా ఇతనే కప్పెట్టి ఉంచాడు.

బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ మళ్ళీ మొదలెట్టాడు. "సారీ మేడమ్ గారూ, ఏదేదో మాట్లాడేశాను."

ఇక ఆగలేదు నేను. ప్రసన్న రైలు దగ్గర అన్న మాట అన్నట్టే చెప్పాను. తల్లి పొయ్యి దగ్గర అడిగిన మాటా చెప్పాను. "ఇప్పుడు చెప్పు. రేపు దాన్నెక్కడ దాస్తావు?"

చేద తాడు చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత మాట్లాడిందంతా ఇంటి మాటల్లోనే మాట్లాడాడు.

"కాలనీల దిగిన మొదటి దినమే నా మాట విని, గిది తెలుగేనా అని నవ్విన్రు. మరాఠోళ్ళు తెలంగోడు అంటరు. బళ్ళె మరాఠీ చదివిన, తెలుగు చదువరాదు. ఏడివోనివి అంటె ఏమని చెప్పాలె? హైద్రాబాద్ అంటె మల్ల ఎవ్వలూ అడగరు. ఒక్కసారి అబద్ధమాడినంక నాయినను ఎట్ల తోలుకపోవాలె? నాయిన నోరు తెరిస్తె ముందుగాల ఊరి పేరే వస్తది. గంత మంచిగ చెప్తడు ఊరి గురించి. ఆళ్ళు నవ్వుతరు. ఆయన ముంగట ఆళ్ళు నవ్వితె నేను సూడలేను."

నా కోపం అక్కడికి సగం దిగింది. "నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆయన తట్టుకుంటాడు, ఆ మీసాలు ఊరికే పెంచలేదు. నువ్వే తట్టుకోలేవు" అన్నాను.

"ప్రసన్నకు ఏం చెప్తరు మేడమ్ గారూ?"

"ఏమీ చెప్పను. దాచింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే."

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి జీపెక్కాం. నన్ను బండెక్కించనిదే తిరిగి రానని పోశన్న కూడా బయల్దేరాడు. లచ్చుబాయి నా సంచి నిండా పోలేలు పెట్టింది, ఒట్టు పెట్టి మరీ. రాజురా దాకా బస్సులో ఆయన ప్రతి చెట్టునీ నాకు పరిచయం చేశాడు.

ఈ ప్రయాణంలో నేను చూసినదాని గురించి ఒక్కమాట చెప్పాలి. చాందాలో ఎండ, దుమ్ము ఉన్నాయి. కాదనను. కానీ మూడు భాషలవాళ్ళు ఒక తోరణం కింద నిలబడి, భాషే లేని జీవానికి విందు చేసే ఊళ్ళు ఎన్ని చూశాం? దేశం తలుపులు తెరుచుకుందని, బయటివాళ్ళు వచ్చి మనల్ని చూస్తారని పేపర్లు రోజూ రాస్తున్నాయి. రానివ్వండి. వెళ్ళాలనుకునేవాళ్ళు పోలాకి ముందురోజు చేరుకోండి, తినడానికి ఆకలితో వెళ్ళండి. ఆ నేలని, ఆ మనుషుల్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది, వాళ్ళు నాకు ఏమవుతారో ఇంకా తేలకపోయినా.

బల్లార్షా చేరేసరికి పన్నెండున్నర. బండికి ఇంకా గంట టైముంది. స్టేషన్ బయట పసుపు బోర్డుతో ఎస్టీడీ బూత్ ఉంది. వెంకటేశ్ దాని ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి లోపలికి వెళ్ళాడు. ప్రసన్న ఆఫీసు నంబరు అతనికి నోటికొచ్చు. మేమిద్దరం బయట టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. బూత్ అద్దాల తలుపు వానకి ఉబ్బి సరిగ్గా మూతపడటం లేదు.

"లైన్ ఖరాబ్ హై సాబ్, జోర్ సే బోలో" అన్నాడు బూత్ అతను.

"హలో... ప్రసన్నా! నేను! వెంకటేశ్! ఒక మాట చెప్పాలె... మా ఊరు ఎర్రగూడ!"

ఇవతలికి వినబడింది. పోశన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎర్రగూడ! గడ్‌చాందూర్ దగ్గర! మా నాయిన పేరు పోశన్న! ఎవుసం జేస్తడు! అవ్వ పేరు లచ్చుబాయి! ఆ! నాకు తెలుగు చదువరాదు!"

రిక్షావాళ్ళు ఇటు తిరిగారు. పుస్తకాల కొట్టు ముందున్నవాళ్ళూ తిరిగారు. వెంకటేశ్ ఫోను చేత్తో మూసి తలుపులోంచి మొహం బయటికి పెట్టాడు. చెమటలు కారుతున్నాయి.

"వినొస్తలేదంటుంది అత్తమ్మా! మల్ల చెప్పమంటుంది!"

మా ప్రసన్న సంగతి నాకు తెలుసు. వీధిలో గుసగుసలాడితే వంటింట్లోంచి జవాబిచ్చే పిల్ల అది.

"అయితే చెప్పు మరి. ఇంకాస్త గట్టిగా" అన్నాను.

చెప్పాడు. మూడోసారీ చెప్పాడు. మూడోసారికి స్టేషన్ ముందున్నవాళ్ళందరికీ ఆ ఊరి పేరు వచ్చేసింది. పోశన్న తలపాగా సర్దుకుని, మీసం దువ్వుకుని, టీ పోసే అతని వైపు జరిగాడు.

"గా ఊరు మాదే" అన్నాడు. "గా పోరడు గూడ మాదే."